షెడ్డు ఖాళీ చేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

విల్లివాక్కం షెడ్డు నెలాఖరుకి ఖాళీ చేయాలని, పాత ఇనుము కొనేవాడు మొత్తం కిలోల లెక్కన తీసుకుపోతానన్నాడని అక్కయ్య చెప్పింది. తొందరపడకు. మీ నాన్న దాచిన పాత కార్ల సామాన్లలో తుక్కు చాలానే ఉంటుంది, కాదనను. కానీ ఏ బండిదో తేలేవరకూ మంచి ముక్క కూడా తుక్కులాగే కనిపిస్తుంది. తేలిందంటే దానికోసం ఏళ్ల తరబడి వెతుకుతున్నవాడు ఎవడో ఒకడు ఉంటాడు. ఫోన్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను.

ముందుగా ఏదీ కడగకు, ఏదీ వేరుచేయకు. ఉన్నది ఉన్నట్టు ఫోటోలు తియ్యి. ఒక డబ్బాలో ఉన్నవి అదే డబ్బాలో ఉండనీ. కార్బొరేటర్ పక్కన పడివున్న చిన్న లింకు, స్ప్రింగు దానివే అయ్యుంటాయి. విడిపోయాయంటే మళ్లీ జత కలపడం ఎవరి వల్లా కాదు. ఒక్కో ముక్కకీ తీగతో ఒక అట్టముక్క కట్టి, ఏ డబ్బాలో దొరికిందో రాయి.

తర్వాత నంబర్లు. కిరసనాయిలు గుడ్డతో మెల్లగా తుడువు. వైర్ బ్రష్ పెట్టావంటే పల్చటి అల్యూమినియం బిళ్లల మీద అచ్చు అరిగిపోతుంది. గుద్దిన అంకెలు కనపడకపోతే సుద్దముక్క రుద్ది, వేలితో తుడిచి చూడు. గుంటల్లో సుద్ద నిలిచి అంకె తేలుతుంది. ఉబ్బెత్తుగా పోతలోనే వచ్చిన నంబరు సాధారణంగా పార్ట్ నంబరు కాదు, పోతపోసిన మూస నంబరు. ఒకే పోతని వేరువేరుగా కోసి రెండు మూడు రకాల పార్టులు చేసేవాళ్లు. అందుకని ఆ ఒక్కదాన్నే నమ్మి ఎవరికీ మాటివ్వకు. లూకాస్ కంపెనీ డైనమోలు, డిస్ట్రిబ్యూటర్ల మీదైతే మోడల్ పేరు, పార్ట్ నంబరు, తయారైన తేదీ గుద్ది ఉంటాయి. మూడూ రాసుకో.

నంబరు లేకపోతే బోల్టు మర చూడు. అంబాసిడర్, స్టాండర్డ్ హెరాల్డ్ కార్లు ఇంగ్లండు పుట్టుకవి కాబట్టి అంగుళాల బోల్టులు. ఫియట్, అంటే మన పద్మిని, మెట్రిక్, మిల్లీమీటర్ల బోల్టులు. స్పానర్‌తో తేల్చుకుందామనుకుంటే మోసపోతావు. అర అంగుళం బోల్టు తలమీద 13 మిల్లీమీటర్ల స్పానర్ కూడా కొంచెం వదులుగా కూర్చుంటుంది. దానికి బదులు బోల్టు పక్కన స్కేలు పెట్టి ఒక అంగుళంలో ఎన్ని మరలున్నాయో లెక్కపెట్టు. ఎనిమిది మిల్లీమీటర్ల లావున్న బోల్టుకి 24 వస్తే అది అంగుళాలది, 20 వస్తే మెట్రిక్. 1990ల్లో జపాను ఇసుజు ఇంజన్‌తో వచ్చిన అంబాసిడర్లకి మాత్రం ఇంజన్ వరకు ఈ లెక్క పనిచేయదు.

పిస్టన్లకి ఇంకా తేలిక. పాత అంబాసిడర్ 1489 సీసీ ఇంజన్ బోరు, అంటే సిలిండర్ లోపలి వెడల్పు, 73 మిల్లీమీటర్లు, పద్మినిది 68, హెరాల్డ్‌ది 63. వెర్నియర్ కొలబద్ద పెడితే ఇట్టే తెలుస్తుంది. అంబాసిడర్, హెరాల్డ్ పిస్టన్ తలమీద 020, 040 అని ఉంటే అది ఓవర్‌సైజ్, అంటే అరిగిన సిలిండర్‌ని వెడల్పు చేశాక వేసే పెద్ద పిస్టన్; అంకె అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. ఆ అంకె అట్టమీద తప్పకుండా రాయి. అది తెలియకుండా కొన్నవాడికి డబ్బు, శ్రమ రెండూ దండగ.

గోడవారన తలుపులు ఉన్నాయన్నావు కదా, వాటిని ప్రత్యేకంగా చూడు. స్టాండర్డ్ హెరాల్డ్ మన మద్రాసులోనే, 1961 నుంచి తయారైంది. ఇంగ్లండులో దీని మూలం, ట్రయంఫ్ హెరాల్డ్, రెండు తలుపుల బండి. నాలుగు తలుపులది ఇక్కడే చేశారు. అందుచేత వెనక తలుపు, దాని గాజు, హ్యాండిల్ ప్రపంచంలో ఇంకెక్కడా కొత్తవి దొరకవు. తుప్పు తిన్నదైనా సరే, తూకానికి వేశావంటే నేనూరుకోను. గాజులు పడుకోబెట్టకు, కింద గోనెపట్టా వేసి నిలబెట్టు.

ఇవ్వకూడనివి కూడా ఉన్నాయి. పాత బ్రేక్ షూలు, క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది. కంప్రెసర్ గాలితో ఊదకు, తడిగుడ్డతో తుడిచి కవర్లో కట్టి పక్కన పెట్టు. బ్రేకుల మాస్టర్ సిలిండర్ లోపల వేలికి గుంటలు తగిలితే ఎవరికీ ఇవ్వద్దు. బాగుంటే బాడీ మాత్రమే ఇచ్చి, రబ్బర్లు కొత్తవి వేసుకోమని చెప్పు. స్టీరింగ్ రాడ్లు, బాల్ జాయింట్లు పాతవి ఎంత గట్టిగా కనిపించినా నేనైతే ఇవ్వను. వాటిమీద ఒక కుటుంబం ప్రాణాలుంటాయి.

ఇంజన్ నంబరు ఆర్సీలో ఉంటుంది. కాబట్టి కాగితం లేని బ్లాకుని అమ్మకు. నంబరు గీకేసినది కనిపిస్తే అసలు ముట్టుకోకుండా నాకు చెప్పు. ఛాసిస్ ప్లేట్లు ఎవరైనా విడిగా అడిగితే అతనితో మాటలు అక్కడితో ఆపెయ్.

ఏ బండిదో తేలనివాటిలో ఒక్కొక్కటి పుదుపేట పాత పార్టుల బజారుకి తీసుకెళ్లు. అక్కడి పాత కొట్లలో చేతిలోకి తీసుకోగానే ఏ బండిదో చెప్పేవాళ్లు ఉన్నారు. మూట కట్టుకుని వెళ్తే మాత్రం బేరం మొదలవుతుంది, నీ ప్రశ్న పక్కకి పోతుంది. పేరు తెలిశాక పాత కార్ల అభిమానుల సంఘం, మద్రాస్ హెరిటేజ్ మోటరింగ్ క్లబ్ వాళ్లని అడుగు. ఇద్దరు ముగ్గురు అడిగితే ఎక్కువ డబ్బిచ్చేవాడికని కాకుండా, బండి సగం విప్పి కూర్చున్నవాడికి ఇవ్వు. అతని బండి ఫోటో, అరిగిన పాత పార్టు ఫోటో పంపమను. నిజంగా కావలసినవాడు అదే సాయంత్రం పంపుతాడు. ధర విషయంలో మొహమాటపడకు, అలాగని అత్యాశకీ పోకు.

ఆదివారం పొద్దున్న వస్తాను. వెర్నియర్ నేను తెస్తాను, నువ్వు తీగా అట్టముక్కలూ సిద్ధంగా ఉంచు. ఇనుము వాడికి మాత్రం ఈలోగా తాళంచెవి ఇవ్వకు.

మీ మామయ్య