సాయం 20 వేలు, వడ్డీ 19,200

ప్రశ్న: మాది పూతలపట్టు దగ్గర పల్లె. రెండున్నర ఎకరాలు మా ఆయన పేరు మీద ఉన్నాయి. ఎకరంన్నర మెట్టలో శనక్కాయ వేస్తాం, ఎకరంలో తోతాపురి మామిడి తోట ఉంది. రెండు ఆవులున్నాయి. బాబు ఏడో తరగతి, పాపకు తొమ్మిదేళ్లు, ఇద్దరూ గవర్నమెంటు బడికే పోతారు. అన్నదాత సుఖీభవ, తల్లికి వందనం, అత్తమ్మ పింఛను అన్నీ వస్తున్నాయి. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి 80 వేలు తెచ్చాం. వడ్డీ మాత్రం నెలనెలా పాల డబ్బుల్లోంచి కడుతున్నాం, అసలు అట్లే ఉంది. వచ్చే డబ్బుతో ఇంకో ఆవు తెద్దామని, లేదంటే కిస్తీల మీద బండి తీసుకుందామని మా ఆయన అంటాడు. అత్తమ్మేమో చీటీ వేసి బంగారం కొనమంటుంది. ఊరికే వచ్చేది ఊరికే పోతుంది, దానికి లెక్కలెందుకని కూడా అంటారు. మేమేం చేస్తే మంచిది?

జవాబు: అమ్మా, ముందు అత్తమ్మ పింఛను పక్కన పెట్టండి. నెలకు 4 వేలు ఆమెది. మందులకో, మనవళ్ల చేతిలో పెట్టడానికో, ఆమె ఇష్టం. ఇంటి లెక్కలో కలిపితే ఆమె మళ్లీ చెయ్యి చాచాల్సి వస్తుంది.

మిగిలినవి రెండు. అన్నదాత సుఖీభవ కింద ఏడాదికి 20 వేలు. అందులో 6 వేలు కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్, 14 వేలు రాష్ట్రానివి. 7 వేలు, 7 వేలు, 6 వేలుగా మూడు విడతల్లో పడతాయి. తల్లికి వందనం బిడ్డకు 15 వేలు అంటారు కానీ, బడి నిర్వహణకు 2 వేలు పోగా మీ ఖాతాలో పడేది 13 వేలు. ఇద్దరికీ 26 వేలు. అంతా కలిపితే 46 వేలు.

ఇప్పుడు మీ బాకీ చూడండి. 80 వేలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 1,600, ఏడాదికి 19,200. రైతుగా మీ ఇంటికి వచ్చే సాయం 20 వేలు. అంటే ఒక చేత్తో తీసుకున్నది దాదాపు మొత్తం ఇంకో చేత్తో షావుకారుకు ఇస్తున్నారు. పాల డబ్బుల్లోంచి పోతోంది కాబట్టి మీకిది కనబడడం లేదు, అంతే. ఏడాదికి 24 శాతం వడ్డీ ఇది. ఆవు, బంగారం, చీటీ, ఏదైనా సరే ఖర్చులు పోను 24 శాతం మిగిల్చి పెడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. కాబట్టి మొదటి పని బాకీ.

ఊరికే వచ్చింది నిలవదన్న మాట గురించి ఒకటి చెబుతాను, ఎందుకంటే ఈ మాట మన దగ్గర చదువుకున్నవాళ్లు కూడా అంటారు. 2011, 2012 ప్రాంతంలో మధ్యప్రదేశ్‌లోని కొన్ని పల్లెల్లో ‘సేవా’ (SEWA) అనే మహిళల సంఘం, యూనిసెఫ్ కలిసి అందరికీ నెలనెలా నగదు ఇచ్చి చూశాయి. పెద్దవాళ్లకు మొదట 200, తర్వాత 300, పిల్లలకు అందులో సగం. షరతులేమీ లేవు. ఆ ఇళ్లలో మేకలు, కోళ్లు పెరిగాయి, పిల్లల చదువుకు పెట్టే ఖర్చు పెరిగింది, అప్పులు తగ్గాయి. ఇట్లాంటి పథకాల వల్ల జనం పని మానేస్తారా అని ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ బృందం ఆరు దేశాల లెక్కలు చూసింది. అలాంటిదేమీ కనబడలేదు. కాబట్టి మీ ఆయనకు చెప్పండి, డబ్బుకు అది ఎలా వచ్చిందో తెలియదు, మనం దేనికి పెడితే దానికే పోతుంది.

నా ప్లాన్ ఇది. తల్లికి వందనం పడగానే 6 వేలు పిల్లలకు ఉంచండి. బ్యాగు, పుస్తకాలు, యూనిఫాం బడిలోనే ఇస్తారు కాబట్టి చాలుతుంది. మిగతా 20 వేలు అసలుకు కట్టేయండి. సుఖీభవ మొదటి రెండు విడతలూ, 14 వేలు, అసలుకే. అసలు తగ్గుతోంది కదా అని నెలనెలా కట్టే 1,600 మాత్రం తగ్గించకండి. వడ్డీ పోగా మిగిలింది కూడా అసలులో జమ కావాలి. ఈ జూన్‌లో మొదలుపెట్టి ఇలా కడితే, డబ్బులు సమయానికి పడితే, వచ్చే ఏడు నవంబరుకల్లా మీ బాకీ తీరిపోతుంది. నేను నెలనెలకూ లెక్క వేసి చూశాను. కొంచెం అటూ ఇటూ అయినా సంక్రాంతి దాటదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించుకోండి. తేదీ, మొత్తం, సంతకం ఉండాలి. ఊళ్లోవాళ్లే కదా, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడతారు. అప్పుల తగాదాల్లో సగం ఆ మొహమాటం వల్లే వస్తాయి. అసలు కొంచెం కొంచెంగా తీసుకోనని ఆయన అంటే, ఆ డబ్బు విడిగా బ్యాంకులో దాచి, సగం బాకీకి సరిపడా కాగానే పెద్దమనిషిని పెట్టుకుని మాట్లాడండి.

మూడో విడత 6 వేలు ముట్టుకోవద్దు. అది విత్తనాలకు. శనక్కాయ విత్తేది వానలు పడ్డాక జూన్, జూలైల్లో. 2025లో మొదటి విడత పడింది ఆగస్టు 2న. రెండోది నవంబరు 19న. విత్తే నాటికి చేతిలో ఉండే సర్కారు డబ్బు అంతకుముందు పడినదే. అది ఖర్చయిపోతే మళ్లీ షావుకారు గడప తొక్కుతారు.

ఆ 6 వేలతో ఎకరంన్నర సాగు మొత్తం జరగదని నాకూ తెలుసు. మిగతాదానికి కిసాన్ క్రెడిట్ కార్డు తీసుకోండి. 2025 జనవరి నుంచి 2 లక్షల దాకా తాకట్టు లేకుండా పంట అప్పు ఇస్తున్నారు. వడ్డీ 7 శాతం, గడువులోగా కట్టేస్తే 4 శాతమే పడుతుంది. 80 వేలకు 4 శాతమంటే ఏడాదికి 3,200. మీరిప్పుడు రెండు నెలలకు కట్టే వడ్డీ అంత. గడువు దాటిస్తే ఆ రాయితీ పోతుంది, కాబట్టి తేదీ గోడ మీద రాసి పెట్టుకోండి. పాసుపుస్తకం, 1బి (భూమి రికార్డు నకలు), ఆధార్ పట్టుకుని మీ ఆయన్ని మే నెలలోనే బ్యాంకుకు పంపండి. విత్తనాలప్పుడు పోతే బ్యాంకులో తిరణాల లాగా ఉంటుంది.

అప్పు తగ్గితే మీ ఇంట్లో నిజంగా మారేది కాయ అమ్మే రోజు. బాకీ ఉన్నవాడు కాయ పీకిన వారంలోనే, అప్పిచ్చినవాడు చెప్పిన రేటుకు అమ్ముతాడు. తోటలైతే పూతమీదే అడ్వాన్సు తీసుకుని రాసిచ్చేస్తారు. నెల రోజులు ఆగగలిగే రైతుతో వ్యాపారి మాట్లాడే తీరే వేరు. ఈ సాయం వల్ల వచ్చే లాభంలో నేను పెద్దదనుకునేది ఇదే, కానీ ఏ ప్రభుత్వ లెక్కలోనూ అది కనబడదు.

బండి కిస్తీల సంగతి. వద్దు. రైతు భరోసా పేరుతో ఏడాదికి 13,500 వచ్చేవి. 2024లో ప్రభుత్వం మారాక, కొత్త పథకం మొదటి విడత 2025 ఆగస్టులో పడేదాకా రాష్ట్రం వాటా రాలేదు. పథకం ఆగినా ఫైనాన్స్ వాళ్లు ఆగరు. ఎప్పుడు పడుతుందో మన చేతిలో లేని డబ్బు మీద నెలనెలా కట్టే బాధ్యత పెట్టుకోకూడదు. ఆవు సంగతి వేరే, అది సంపాదించి పెడుతుంది. కానీ బాకీ తీరాకే. అప్పుడు కూడా మేత మీ పొలంలో పండితేనే. ఎండాకాలంలో గడ్డి కొని మేపే మూడో ఆవు, మొదటి రెండింటి పాల డబ్బులూ తినేస్తుంది.

2025లో తోతాపురికి కిలో 12 రూపాయలని చెప్పి, ఫ్యాక్టరీలు 8 ఇవ్వాలని, ప్రభుత్వం 4 ఇస్తుందని అన్నారు కదా. అలాంటి డబ్బు మీ ఖాతాలో పడితే దాన్ని సాయంగా లెక్కపెట్టకండి. అది పంట ధరలో భాగం, తోట మందులకూ దుక్కులకూ పోవాల్సింది.

అత్తమ్మకు బంగారం మీద ఉన్న మనసు నాకు అర్థమవుతుంది. బాకీ తీరాక నెలకు 1,600 మిగులుతాయి, అప్పుడు ఆమె మాట విందాం. ఈలోపు ఒక్క పని మాత్రం ఆపొద్దు. పాపకు పదేళ్లు నిండకముందే పోస్టాఫీసులో సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. పదేళ్లు దాటితే తెరవనివ్వరు. ఇప్పటికి 250 రూపాయలు వేస్తే చాలు, ఏడాదికి అంతే కడుతూ ఖాతాను బతికించి ఉంచండి. ఎక్కువ వేయడం అప్పు తీరాక చూద్దాం.

మీ ఆయన ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, ఆయనకు యాభై దాటకపోతే 436 రూపాయల జీవన జ్యోతి బీమా కూడా మొదలుపెట్టించండి. ఒక్కోటి 2 లక్షలకు. బ్యాంకులో ఫారం రాసిస్తే ఏటా అదే పోతుంది. కిసాన్ కార్డుకు వెళ్లిన రోజే ఈ రెండూ అడిగి రమ్మని చెప్పండి.