ఉప్పు తగలగానే మొక్క తన పందిరి ఎందుకు విప్పుతుంది?

మీరు అడిగింది ఇది: మొక్కలు ఒత్తిడిని తట్టుకోవడంలో సైటోస్కెలిటన్ ప్రోటీన్లు సాయపడతాయని డిగ్రీ పుస్తకంలో ఒక వాక్యం ఉంది, ఎలా సాయపడతాయో మాత్రం లేదు, దీని మీద పని చేసినవాళ్ళు ఎవరైనా చెప్పగలరా అని.

నేను నాలుగేళ్ళు దీని మీదే పని చేశాను. అరబిడాప్సిస్ అనే చిన్న ఆవజాతి మొక్క మొలకల్ని ఉప్పునీళ్ళలో పెట్టి, వాటి కణాల్లో ఏం జరుగుతుందో మైక్రోస్కోప్ కింద చూడటం నా పీహెచ్‌డీ. మాది దివిసీమ. ఎండాకాలం పొలం మీద తెల్లగా ఉప్పు పేరుకునే పాలచౌడు చూస్తూ పెరిగినదాన్ని కాబట్టి ఈ విషయం నాకు పుస్తకంలో పాఠంలా అనిపించలేదు.

ముందు మీ ప్రశ్నకు సూటిగా జవాబు. ఉప్పు, చలి లాంటివి తగిలినప్పుడు ఈ ప్రోటీన్ల పోగులు ముందు విడిపోతాయి, తర్వాత కొత్తగా కట్టుకుంటాయి. మొక్కకి ఆ విడిపోవడమూ అవసరమే, తిరిగి కట్టుకోవడమూ అవసరమే. కణానికి లోపల ఆధారంగా ఉండే ఈ పోగుల అల్లికే సైటోస్కెలిటన్, తెలుగు పుస్తకాల్లో కణాస్థిపంజరం అని రాస్తారు. ఆ మాట వినగానే ఎముకల్లాంటి గట్టి వస్తువు మనసులో పడుతుంది, అక్కడే అర్థం తప్పుతుంది. నేను జూనియర్లకి పందిరి అని చెప్పేదాన్ని. గాలివాన ముంచుకొస్తుంటే పెళ్ళి పందిరి తాళ్ళు విప్పి, వాసాలు కింద పెడతారు. వాన వెలిశాక అవే వాసాలతో మళ్ళీ వేస్తారు. వాసాలు ఎక్కడికీ పోవు.

మొక్క కణంలో ఈ వాసాలు ప్రధానంగా రెండు రకాలు. ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్ జంటలు పేరుకుంటే సుమారు 25 నానోమీటర్ల వ్యాసం ఉన్న మైక్రోట్యూబ్యూల్ అనే గొట్టం తయారవుతుంది. ఆక్టిన్ అనే ఇంకో ప్రోటీన్ పోగులు అంతకంటే సన్నం, 7 నానోమీటర్లు. మామూలు రోజుల్లో కూడా ఇవి ఒకచోట పెరుగుతూ, మరోచోట తరుగుతూ ఉంటాయి.

విడిపోవడం అంటే ఏమిటో నాకు మొదట తెలిసింది ఒక పొరపాటు వల్ల. మా ల్యాబ్ ఒక బిల్డింగ్‌లో, కణంలో వెలిగే భాగాల్ని లేజర్‌తో చూపించే కాన్ఫోకల్ మైక్రోస్కోప్ ఇంకో బిల్డింగ్‌లో. ప్రోటీన్ పని చేసేవాళ్ళ అలవాటు ప్రకారం మొలకల్ని ఐస్ డబ్బాలో పెట్టుకుని వెళ్ళేదాన్ని. ఆ మొలకల్లో ట్యుబ్యులిన్‌కి ఆకుపచ్చగా వెలిగే జీఎఫ్‌పీ అనే ప్రోటీన్ తగిలించి ఉంటుంది కాబట్టి మైక్రోట్యూబ్యూల్స్ గడ్డిపోచల్లా కనపడాలి. ఉప్పు పెట్టినవాటిలో కనపడలేదు, సరే అనుకున్నాను. ఉప్పు పెట్టని కంట్రోల్ మొలకల్లోనూ చాలావరకు లేవు, ఉత్త పచ్చటి మసక. మూడు వారాలు అలాగే గడిచాయి. సీడ్స్ పాడయ్యాయేమో అని టెన్షన్. చివరికి ఒకరోజు ఐస్ అయిపోయి, మొలకల్ని అలాగే చేత్తో పట్టుకెళ్ళాను. స్క్రీన్ నిండా పోగులు! చలికి మైక్రోట్యూబ్యూల్స్ విడిపోతాయన్నది దశాబ్దాలుగా తెలిసిన సంగతే. చదివాను కూడా. కళ్ళతో చూసేదాకా అది నా పనికి వర్తిస్తుందని తట్టలేదు.

తర్వాత ఐస్ లేకుండా, 200 మిల్లీమోలార్ ఉప్పుతో మళ్ళీ మొదలుపెట్టాను. రెండు గంటలకి పోగులు దాదాపు మాయం. ఎనిమిది గంటలకి చూస్తే, అదే ఉప్పులో ఉండగానే, కొత్త పోగులు వచ్చేశాయి. ఉప్పు తగ్గలేదు, నీళ్ళు మార్చలేదు. మొక్కే ఆ ఉప్పులో పని చేయగల పందిరి కట్టుకుంది. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి నాన్నకి చెబితే, "అయితే ఉప్పు తగలగానే చచ్చిపోదన్నమాట, ముందు సర్దుకుంటుంది" అన్నారు. థీసిస్‌లో నేను ఇరవై పేజీల్లో రాసింది అదే.

విడిపోవడం దెబ్బ తగలడం వల్ల జరిగిన నష్టమా, లేక మొక్క కావాలని చేసే పనా? నా ఉద్దేశంలో అసలు ప్రశ్న ఇదే. చైనాలో ఒక బృందం 2007లో దీన్ని చక్కగా పరీక్షించింది. మైక్రోట్యూబ్యూల్స్‌ని విడిపోనివ్వని టాక్సాల్ మందు ఇస్తే ఉప్పులో మొలకలు ఎక్కువగా చనిపోయాయి. విడగొట్టే మందు కొద్దిగా ఇస్తే ఎక్కువ బతికాయి. 2011లో ఇంకో ముక్క దొరికింది. మైక్రోట్యూబ్యూల్స్‌ని నిలబెట్టే స్పైరల్1 అనే చిన్న ప్రోటీన్‌ని, ఉప్పు తగలగానే కణం తన ప్రోటియోజోమ్‌లో, అంటే అక్కర్లేని ప్రోటీన్లని నరికే యంత్రంలో, వేసి ముక్కలు చేసేస్తుంది. అంటే తాళ్ళు విప్పుతున్నది కణమే. నీటి ఒత్తిడి మారినప్పుడు పీహెచ్‌ఎస్1 అనే ఎంజైమ్ ట్యుబ్యులిన్‌కి ఫాస్ఫేట్ తగిలించి, అది గొట్టంలో చేరకుండా చేస్తుందని 2013లో జపాన్ పరిశోధకులు చూపించారు.

విప్పితే లాభం ఏమిటంటే, అందులో ఒకటి కబురు. కణపొరకి ఆనుకుని ఉన్న పోగులు వదులైతే కాల్షియం లోపలికి వస్తుంది, ఆ కాల్షియం రక్షణ జన్యువుల్ని లేపుతుంది. మన పాడిరైతులు వేసే లూసర్న్ గడ్డిలోనే 2000లో దీన్ని చూపించారు. ఆక్టిన్‌ని గట్టిగా పట్టి ఉంచే మందు ఇస్తే, చలి తగిలినా కాల్షియం రాలేదు, చలి జన్యువు లేవలేదు.

ఇక తిరిగి కట్టడం. మైక్రోట్యూబ్యూల్స్ పట్టాల్లాంటివి. సెల్యులోజ్ తయారుచేసే యంత్రాలు వాటి వెంబడే నడుస్తూ కణగోడ అల్లుతాయని 2006లో బతికున్న కణాల్లోనే చూశారు. పట్టాలు లేకపోతే గోడ సరిగా రాదు, పెరుగుదల ఆగిపోతుంది. 2015లో, మొక్కల కణగోడల మీద పని చేసే స్టాఫాన్ పెర్సన్ బృందం సీసీ అనే ప్రోటీన్లని కనిపెట్టింది. ఇవి ఒక చేత్తో సెల్యులోజ్ యంత్రాన్ని, ఇంకో చేత్తో మైక్రోట్యూబ్యూల్‌ని పట్టుకుంటాయి. ఇవి లేని మొక్కల్లోనూ ఉప్పుకి పోగులు విడిపోతాయి, తిరిగి కట్టుకోవడమే సరిగా జరగదు. మామూలు నేలలో పర్వాలేదు, ఉప్పులో మాత్రం గిడసబారిపోతాయి. ఈ ఒక్క పరిశోధన చదివితే మీ పుస్తకంలోని వాక్యం మొత్తం అర్థమవుతుంది.

గోడ సంగతి మన పొలంలోనే చూడొచ్చు. వేరుశనగ, పత్తి వేసేవాళ్ళు విత్తిన వెంటనే కొట్టే పెండిమిథాలిన్ కలుపు మందు పట్టుకునేది ట్యుబ్యులిన్‌నే. ల్యాబ్‌లో మేము వాడే ఒరైజలిన్ దాని చుట్టమే. మందు పడ్డ చోట మొలిచీ మొలవని గడ్డి కలుపుని పీకి వేరు కొన చూడండి, పొడవుగా సాగకుండా ముడిలా ఉబ్బి ఉంటుంది. కణవిభజన ఆగిపోతుంది, గోడకి దిశ చెప్పే పోగులు లేక కణం అన్ని వైపులకీ ఉబ్బుతుంది. పైన విడగొట్టే మందు మేలు చేసిందని చెప్పాను కదా అని చౌడులో పైరు కోసం దీన్ని ప్రయత్నించకండి. అక్కడ మోతాదు అతి తక్కువ, అదీ గాజు పళ్ళెంలో.

నీటి ఎద్దడిలో కథ కొంచెం వేరు. పత్రరంధ్రాల పక్కనుండే రక్షక కణాల్లో, రంధ్రం తెరిచి ఉన్నప్పుడు ఆక్టిన్ పోగులు విసనకర్ర పుల్లల్లా ఉంటాయి. ఎద్దడిలో మొక్క తయారుచేసుకునే అబ్సైసిక్ ఆమ్లం అనే హార్మోన్ అందగానే అవి చెదిరి, పొడవాటి కట్టలుగా మారుతుంటే రంధ్రం మూసుకుంటుంది. స్కాబ్1 అనే ప్రోటీన్ ఆ పోగుల్ని నిలకడగా ఉంచుతుంది. అది లేని అరబిడాప్సిస్‌లో రంధ్రాలు ఆలస్యంగా మూసుకుంటాయి, నీళ్ళు ఆపితే త్వరగా వాడిపోతుంది. కాబట్టి విడిపోవడమే ఎప్పుడూ మంచిదని పరీక్షలో రాయకండి. ఏ కణం, ఏ కష్టం, ఎన్నో గంట అన్నది చూడాలి.

మీ కాలేజీలో కాన్ఫోకల్ ఉండకపోవచ్చు, ఫర్వాలేదు. హైడ్రిల్లా అనే నీటిమొక్క ఆకు ఒకటి నీటిచుక్కలో పెట్టి మామూలు మైక్రోస్కోప్ కింద నడిమి ఈనె దగ్గర చూడండి. పచ్చటి హరితరేణువులు గోడ వెంబడి వరసగా తిరుగుతుంటాయి. వాటిని నడిపించేది ఆక్టిన్ పోగుల మీద నడిచే మయోసిన్ అనే ప్రోటీన్. కదలకపోతే కాసేపు దీపం వెలుగులో ఉంచండి. తర్వాత కవర్‌స్లిప్ పక్కనుంచి రెండు శాతం ఉప్పునీళ్ళు ఎక్కించండి. కణద్రవ్యం గోడ నుంచి ముడుచుకుంటూ, ప్రవాహం మందగించి ఆగడం కనిపిస్తుంది. ఆగగానే ఆలస్యం చేయకుండా మంచినీళ్ళతో రెండు మూడు సార్లు కడగండి. నేను చేసినప్పుడు కొన్ని కణాల్లో, అరగంట లోపే, ఒక్కో రేణువూ మళ్ళీ కదలడం మొదలుపెట్టింది.