పాత చీటీతో గేదెకు యాంటీబయాటిక్ కొనవచ్చా?

ప్రశ్న: మా గేదెకు పొదుగువాపు వచ్చింది. నిరుడు ఇదే జబ్బుకు డాక్టర్ రాసిన చీటీ చూపిస్తే మందుల షాపులో ఇంజెక్షన్ ఇవ్వలేదు. ఊళ్లో సూదులు వేసే అతను తన దగ్గరున్న సీసాతోనే మూడు రోజులు వేశాడు. మర్నాడు పాల కేంద్రంలో 'మందు వాడారా?' అని అడిగి పాలు తీసుకోలేదు. నా గేదెకు నేను వైద్యం చేయించుకోవడం కూడా నేరమేనా? – ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: టెన్షన్ పడకండి. ఇందులో చట్టం ముందు నిలదీసేది మందు అమ్మేవారిని, సూది వేసేవారిని.

షాపువారు చేసింది సరైన పనే. 1945 నాటి ఔషధ నిబంధనల్లో 65వ నిబంధన ప్రకారం షెడ్యూల్ హెచ్, హెచ్1 అనే జాబితాల్లోని మందులు డాక్టర్ చీటీ లేనిదే అమ్మకూడదు. పశువుకైతే చీటీ మీద యజమాని పేరు, చిరునామా, తేదీ, డాక్టర్ సంతకం ఉండాలి. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టర్ రాస్తే తప్ప, ఒక చీటీకి ఒక్కసారే మందు. మీ చీటీ నిరుడే చెల్లిపోయింది. పొదుగువాపుకు వాడే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ హెచ్1లో ఉంది. దాన్ని అమ్మితే డాక్టర్ పేరుతో సహా రిజిస్టర్‌లో ఎక్కించి, మూడేళ్లు దాచాలి. ఇంత లెక్క ఉన్నప్పుడు ఏ షాపతను మాత్రం మొహమాటానికి ఇస్తాడు?

ఇక సూది వేసినతను. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం 30వ సెక్షన్ ప్రకారం వైద్యం చేయాల్సింది రిజిస్టరైన పశువైద్యులే. టీకాలు, గాయానికి కట్టు వంటి చిన్న సేవలు ప్రభుత్వం అనుమతించిన సిబ్బంది చేయవచ్చు, అదీ డాక్టర్ పర్యవేక్షణలోనే. ఊళ్లో అందరికీ అక్కరకొచ్చే మనిషే కావచ్చు, ఆ మాట కోర్టులో చెల్లదు.

పాల సంగతి అసలైనది. మందు లేబుల్ మీద ఎన్ని రోజులు పాలు వాడకూడదో ఉండాలి. ఆ గడువును ప్రత్యేకంగా నిర్ధారించని మందుకు అవే ఔషధ నిబంధనల్లోని 97వ నిబంధన పాలు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు పెట్టింది. 'వాచింది ఒక్క చన్నే కదా' అనకండి. కండకు వేసిన సూది మందు రక్తంలో కలిసి నాలుగు చన్నులకూ చేరుతుంది.

2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 18వ సెక్షన్ రైతు స్థాయి ఉత్పత్తిని మినహాయించింది. డెయిరీకి ఆ మినహాయింపు లేదు. మందు అవశేషాలు పరిమితి దాటిన పాలు అమ్మితే 21వ సెక్షన్ కింద ఇబ్బంది పడేది వాళ్లే. అందుకే వద్దన్నారు, అలా అనే హక్కు వాళ్లకుంది.

ఇప్పుడు పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేసి డాక్టర్‌ని పిలిపించండి. కొత్త చీటీ రాయించుకుని దాచుకోండి. గేదెకు బీమా ఉంటే రేపు ఆ కాగితమే అక్కరకొస్తుంది. ఖాళీ సీసా పారేయకుండా డాక్టర్‌కు చూపించండి. దాని మీద పశువు తల బొమ్మ లేకపోతే అది అసలు పశువుల మందే కాకపోవచ్చు.