‘చాలు’ వేరు, ‘చాలించు’ వేరు

సందేహం: మాది దేవరకొండ. ఆదివారం బడిలో పిల్లలకు బైబిలు పాఠాలు చెబుతాను. ‘సంతుష్టి సహితమైన దైవభక్తి గొప్ప లాభసాధనమై యున్నది’ అన్న వాక్యం చదివించి, సంతుష్టి అంటే ఉన్నదాంతో సరిపెట్టుకోవడం అని చెప్పాను. మరుసటి వారం తలాంతుల ఉపమానం (యజమాని ముగ్గురు దాసులకు తలాంతులనే సొమ్ము అప్పగించి పోతే ఇద్దరు దాన్ని పెంచారు, ఒకడు పాతిపెట్టి తిట్లు తిన్నాడు) చెబుతుంటే ఒక పిల్ల లేచి, “టీచర్, ఒక్క తలాంతు గుంత తీసి దాచినాయన గూడ సరిపెట్టుకున్నట్టే గదా, మరి ఆయన్నెందుకు తిట్టిండు?” అంది. నాకు జవాబు తోచలేదు. సంతుష్టికి సరైన తెలుగు మాట ఏది?

సమాధానం: అమ్మా, ముందు ఆ పిల్లకు నా ఆశీస్సులు చెప్పండి. చిక్కు వాక్యంలో లేదు, ఉపమానంలోనూ లేదు. మీరు వాడిన ‘సరిపెట్టుకోవడం’లో ఉంది. కూర లేని పూట పచ్చడితో సరిపెట్టుకుంటాం. చెయ్యి పచ్చడి కలుపుతుంటుంది, మనసు మాత్రం కూర మీదే ఉంటుంది. ఆ మాటలో లోటు దాగి ఉంది. ఈ మధ్య ప్రసంగాల్లో ‘అడ్జస్ట్ అయిపోవాలి’ అని కూడా వింటున్నాను. పొట్ట చేత పట్టుకొని వలస పోయే పాలమూరు కూలీకి ‘సరిపెట్టుకో’ అన్న మాటను దేవుని మాటగా చెప్పడం నాకు మనసొప్పదు. చెప్పేవాళ్లు కాస్త ఆలోచించాలి.

సంతుష్టి సంస్కృతం, ‘తుష్’ ధాతువు, సంతోషానికి తోబుట్టువు. అంతకు మించి దాని గురించి ఇక్కడ అక్కర్లేదు. మన బైబిల్లోనే పౌలు ఒకచోట ‘సంతుష్టి’ అంటాడు, ఇంకోచోట ‘నేనేస్థితిలో ఉన్నను ఆ స్థితిలో సంతృప్తి కలిగియుండ నేర్చుకొని యున్నాను’ అంటాడు. ఈ రెండో మాట ఆయన సంకెళ్లలో ఉండి రాసింది. రెండుచోట్లా గ్రీకు మూలంలో ఉన్నది ‘ఆర్కెయో’ అన్న క్రియకు సంబంధించిన మాటే. సరిపోవు, తగినంత బలం కలిగి ఉండు అని దాని అర్థం. అదే క్రియ మరోచోట వస్తే మన అనువాదకులు సంస్కృతం జోలికి పోకుండా అచ్చతెలుగులో రాశారు: ‘నా కృప నీకు చాలును.’

మీరడిగిన మాట అదేనమ్మా, ‘చాలు’. ఎంత పెద్ద మాటో చూడండి. రోజూ అనే ‘చాలా’ దీని రూపమే. తమిళంలో ‘సాల’ అన్నా మిక్కిలి అనే. అంటే ఈ మాట పుట్టుకలోనే నిండుదనం ఉంది. ఇక పాత తెలుగులో ‘చేయఁజాలును’ అంటే చేయగలడని. ‘మరువజాలని మేలు’, ‘మాటల్లో చెప్పజాలను’ అని మనం ఇప్పటికీ రాస్తూనే ఉన్నాం. సరిపోవడం, చేయగలగడం రెండింటికీ ఒకటే క్రియ. సంతుష్టిని, సామర్థ్యాన్ని ఒక్క మాటలో ఇమిడ్చిన భాష మనది. ఆ సంగతి మరిచిపోయి ‘సాటిస్‌ఫై అయ్యాను’ అనే రోజులొచ్చాయి. (నాగలి చాలు వేరే మాట. ‘పోయిన సాలు’ అన్నప్పటి సాలు పారసీ నుంచి వచ్చింది, ఏడాది అని.)

మా ఇంట్లో తొలకరి పడగానే నాయన అటక మీది ఆముదాల మూట దించి మానికతో కొలిచేవాడు. గడపలో కూర్చున్న అమ్మ “సాలుతయా?” అనేది. “రెండెకరాలకు సాలుతయి” అనేవాడు నాయన, గింజల్ని అరచేత్తో నిమురుతూ. ఆ ‘రెండెకరాలకు’ అన్న మాట గమనించండి. ‘చాలు’ ఎప్పుడూ ‘దేనికి?’ అని అడుగుతుంది. చేను ఉంటేనే విత్తనం చాలుతుంది. అటక మీదే ఉండిపోయే మూటను చాలుతుందనీ అనలేం, చాలదనీ అనలేం.

ఇప్పుడు తలాంతు సంగతి. ‘దేవుడు నాకు పాడే తలాంతు ఇచ్చాడు’ అంటున్నారు. వాడుకలో పడింది కాబట్టి తప్పని కొట్టెయ్యను గానీ, ఉపమానం చదివేటప్పుడు ఆ అర్థం తీసుకుంటే దారి తప్పుతాం. గ్రీకు ‘తాలంతొన్’ మొదట త్రాసు, తర్వాత ఒక తూకం, ఆపైన ఆ తూకపు సొమ్ము. సంస్కృత ‘తులా’ దానికి చుట్టం. అబ్రాహాము తూచి ఇచ్చిన ‘నాలుగు వందల తులముల వెండి’లోని తులానికీ దీనికీ అలా దూరపు బంధుత్వం ఉంది. ఇంగ్లీషు ‘టాలెంట్’కు నేర్పు అన్న అర్థం ఈ ఉపమానం వల్లే వచ్చింది. ఈ ఉపమానాన్ని సువార్తలో రాసిన మత్తయి మాత్రం యజమాని ‘ఎవని సామర్థ్యము చొప్పున వానికి’ తలాంతులిచ్చాడని రాశాడు. సామర్థ్యం వాళ్ల దగ్గర ముందే ఉంది, తలాంతు దాన్ని చూసి చేతికిచ్చిన సొమ్ము. పైగా అది యజమానిది. ఒక్కటే కదా అని చిన్నచూపు చూడకండి. ఒక తలాంతుకు 6,000 దేనారాలు (దేనారం రోమీయుల వెండి నాణెం), మత్తయి రాసిన మరో ఉపమానంలో ద్రాక్షతోట కూలీకి రోజుకు ఒక దేనారం. ఏడాదికి 300 పనిదినాలు లెక్కేసినా 20 ఏళ్ల రెక్కల కష్టం అది.

అంత సొమ్మును అతడు ఏం చేశాడు? ‘భూమిని త్రవ్వి’ దాచాడు. మా నాయన గింజలూ మట్టిలోకే పోయాయి, ఈ తలాంతూ మట్టిలోకే పోయింది. ఒకటి విత్తడం, ఒకటి పాతెయ్యడం. యజమాని మీద భయంతో పని మానుకున్న ఆ దాసుడి నోట ‘నాకిది చాలు’ అన్న మాటే రాలేదు. అతడు చాలించాడు. చాలించు అంటే ఆపెయ్యడం. ఒక్క ‘ఇంచు’ చేరితే అర్థం ఎంత దూరం పోయిందో ఆ పిల్లకు చూపించండి. ‘సోమరివైన చెడ్డ దాసుడా’ అని యజమాని తిట్టింది అలా ఆపేసినందుకే.

పోతన్నను తలవకుండా ఈ జవాబు ముగించలేను. మూడడుగులు అడిగిన వామనుడు బలితో అంటాడు:

వ్యాప్తిం బొందక వగవక
ప్రాప్తంబగు లేశమైనఁ బదివే లనుచుం
దృప్తిం జెందని మనుజుఁడు
సప్తద్వీపముల నయినఁ జక్కంబడునే?

దొరికిన కాస్తనే పదివేలనుకోని వాడు ఏడు దీవులిచ్చినా కుదుటపడడని తాత్పర్యం. ‘గదే పదివేలు’ అని నల్లగొండ సంతలో ఈనాటికీ అంటారు. పోతన్న కలానికీ సంత బేరానికీ ఒకే నుడికారం. ఇందులో ‘వగవక’ నాకు ప్రాణం. లేనిదాని కోసం వగచేవాడి చేతులు ఉన్నదాన్ని ముట్టుకోవు. అయితే ఇలా అడిగిన వామనుడు ఆ మూడడుగులతోనే లోకాలన్నీ కొలిచాడు. లేశం చేతిలో పడ్డాక ఊరుకోలేదు.

ఇక నిర్ణయం. వాక్యం చదివేటప్పుడు ‘సంతుష్టి’నే ఉంచండి. తరాలుగా నోట నానిన మాటను మార్చడం నాకిష్టం లేదు. పిల్లలకు విడమరిచేటప్పుడు ‘దేవుడిచ్చింది నాకు చాలు, దాంతో నేను చేయజాలుదును’ అని రెండు ముక్కలూ కలిపి చెప్పండి. నామవాచకమే కావాలంటే ‘తనివి’ ఉంది గానీ, అందులో కోరిక తీరడమే తప్ప చేయగల బలం లేదు. ‘చాలు’ నుంచి అందరికీ తెలిసిన నామవాచకం నాకు కనిపించడం లేదు. దేవరకొండ వైపు పెద్దవాళ్ల నోట అలాంటిదేమైనా వినబడితే, ఏ సందర్భంలో అన్నారో కూడా రాసి నాకు పంపండి.