గోడలెక్కడం కూడా ఉద్యోగమేనా అని అడిగిన ఒక తండ్రికి

ప్రశ్న: మా అమ్మాయి డిగ్రీ ఈ ఏడాదితో అయిపోతుంది. రెండేళ్లుగా క్లైంబింగ్ జిమ్‌కి వెళ్తోంది, ఇప్పుడు అక్కడే ఉద్యోగంలో చేరతానంటోంది. గోడలెక్కడం కూడా ఉద్యోగమేనా? స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో పీజీ చేయిద్దామని నా ఆలోచన. రెండూ పోల్చి చెప్పండి. బంధువులు అడిగితే ఏం చెప్పాలో కూడా తోచడం లేదు.

జవాబు: మీ అసలు టెన్షన్ ఆ చివరి వాక్యంలో ఉందండీ. నాకొచ్చే ఉత్తరాల్లో పిల్లలు కోరుకునే పని మారుతుంటుంది, ఒకరు ఫొటోగ్రఫీ అంటారు, ఇంకొకరు గేమింగ్ అంటారు, కానీ బంధువుల మాట మాత్రం అందులో ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుంది. పోలిక చెబుతాను, ముందు ఆ పనేమిటో తెలుసుకోండి. అక్కడ పనిచేసేవాళ్లు రోజంతా గోడలెక్కుతారని మీరు అనుకుంటున్నారు. మీ అమ్మాయి కూడా కొంచెం అలాగే అనుకుంటూ ఉండొచ్చు.

చేరిన కొత్తలో పని ఎక్కువగా కౌంటర్ దగ్గరే. వచ్చినవాళ్ల చేత ఫారం మీద సంతకం పెట్టించాలి, అద్దె షూస్ సైజు చూసి ఇవ్వాలి, అవి తిరిగొచ్చాక లోపల స్ప్రే కొట్టి ఆరబెట్టాలి. చేతి చెమట పీల్చడానికి వాడే చాక్ పొడి, అదే మెగ్నీషియం కార్బొనేట్, గాల్లో లేచి కీబోర్డు దాకా అంతటా పేరుకుంటుంది, దాన్ని రోజూ తుడుస్తూనే ఉండాలి. లోకమంతా ఆఫీసు నుంచి బయటపడ్డాక జిమ్ నిండుతుంది కాబట్టి సాయంత్రాలు, శనాదివారాలు ఈ పనికి రాసిచ్చేసినట్టే.

ఆ తర్వాత ఫ్లోర్ మీద డ్యూటీ. బౌల్డరింగ్ అంటే సుమారు నాలుగైదు మీటర్ల గోడ, తాడుండదు, కింద మందపాటి మ్యాట్లుంటాయి. మ్యాట్ ఉంది కదా అని ఎలా పడితే అలా పడకూడదు. రెండు కాళ్లూ ఆన్చి, మోకాళ్లు వంచి, వెనక్కి దొర్లాలి, చెయ్యి వెనక్కి పెట్టి ఆపుకోబోతే మణికట్టో మోచెయ్యో పోతుంది. కొత్తగా వచ్చిన ప్రతి గుంపుకీ ఇది చెప్పాలి, ఎవరైనా ఎక్కుతుంటే కింద నిలబడకండని రోజంతా చెబుతూనే ఉండాలి. తాడు గోడల దగ్గర హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు) బకిల్, ఎనిమిది ఆకారం ముడి, బిలే పరికరం (కింద ఉన్నవాళ్లు తాడును ఆపి పట్టుకునేది), కారబైనర్ అనే కొక్కెం లాక్ అయిందా లేదా, ఇవన్నీ ఎక్కేవాళ్లూ కింద తాడు పట్టుకునేవాళ్లూ పరస్పరం సరిచూసుకునేలా అలవాటు చేయాలి. ఆటో బిలే అని ఒక యంత్రం ఉంటుంది, పట్టు వదిలేస్తే మెల్లగా కిందికి దించుతుంది. అక్కడ ఎక్కువగా భయపడాల్సింది యంత్రం చెడిపోవడం గురించి కాదు, బాగా అలవాటైనవాళ్లు కూడా కొక్కెం తగిలించుకోకుండా మాటల్లో పడి ఎక్కేయడం గురించి. అందుకే దాని మొదట్లో అడ్డంగా ఒక పెద్ద గుడ్డ తెర కడతారు. ఏమీ జరగని గంటల్లో కూడా కన్ను చెదరకుండా చూస్తూ ఉండటమే ఈ ఉద్యోగం. దీన్ని 'గోడలెక్కడం' అని తీసిపారేశారు చూడండి, అక్కడ మీ మీద నాకు కోపం వచ్చింది. రెండేళ్లుగా వెళ్తోందని మీరే రాశారు, ఒక్కసారైనా వెళ్లి చూశారా? చూసుంటే ఆ మాట రాసేవారు కాదు.

ఇక మీ అమ్మాయి వైపు నాకున్న అనుమానాలు. ఈ రంగంలో పిల్లలందరి కలా రూట్ సెట్టర్ అవడం, అంటే గోడ మీద చేతులు, కాళ్లు ఆనించే పట్లు అమర్చి కొత్త దారులు తయారుచేసే పని. వీడియోల్లో అదొక కళలా కనిపిస్తుంది, కళే, కాదనను. అయితే పాత పట్లన్నీ విప్పడం, కడగడం, బరువైన డబ్బాలు మోయడం, నిచ్చెన మీదో తాడుకు వేలాడుతూనో చెవులు చిల్లులుపడే డ్రిల్‌తో బోల్టులు బిగించడం, బిగించినదాన్ని పదేపదే ఎక్కి చూసి సరిచేయడం కూడా ఆ కళలో భాగమే. కొన్ని వారాల్లో అదంతా పీకేసి మళ్లీ మొదలుపెట్టాలి. భుజాలు, వేళ్లు అరిగిపోతాయి. తను ఎక్కగలిగితే చాలదు, తనకంటే పొట్టివాళ్లు, చిన్నపిల్లలు, నిన్నే మొదలుపెట్టినవాళ్లు ఎలా కదులుతారో ఊహించగలగాలి. పైగా ఒక జిమ్‌లో కౌంటర్ పనికి దొరికినన్ని చోట్లు సెట్టింగ్‌లో దొరకవు.

ఒలింపిక్స్‌లోకి వచ్చింది, ఇక ఫీల్డ్‌కి తిరుగులేదు అనే మాట కూడా వింటున్నాను. వచ్చింది నిజమే. 2021లో జరిగిన టోక్యో ఆటల్లో బౌల్డరింగ్, లీడ్ (తాడుతో ఎత్తుకు ఎక్కడం), స్పీడ్ (వేగంగా ఎక్కడం) అనే మూడు విభాగాలకూ కలిపి ఒకే పతకం ఇచ్చారు, 2024 పారిస్‌లో స్పీడ్‌ను విడదీశారు, 2028 లాస్ ఏంజెలిస్‌లో మూడూ వేర్వేరు. దాంతో జిమ్‌లకు జనం పెరగొచ్చు. జనం పెరిగినంత మాత్రాన కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్ల జీతం దానంతటది పెరగదు. ఇంకో మాట, ఇష్టమైనదే ఉద్యోగం చేసుకుంటే ఇష్టం ఎప్పటికీ అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. రోజంతా అందులోనే ఉన్నాక సాయంత్రం తన కోసం ఎక్కే ఓపిక మిగలక క్రమంగా మానేసేవాళ్లు ఉంటారు. ఉచిత మెంబర్‌షిప్ ఇస్తామని ఊరిస్తారు, దాన్ని జీతం కింద లెక్కేసుకోవద్దని అమ్మాయికి చెప్పండి.

పోలికకు వస్తాను. స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో మీకు నచ్చింది ఆ పేరు చివర మేనేజ్‌మెంట్ అని ఉండటమేనని నా అనుమానం. కోర్సు చెడ్డదని కాదు. జిమ్ నడపడమో ఈవెంట్లు నిర్వహించడమో ఆమెకు ఇష్టమైతే పనికొస్తుంది, కానీ ఒక ఏడాది ఫ్లోర్ మీద పనిచేసి వెళ్తే ఆ పాఠాలు ఇంకా బాగా ఎక్కుతాయి. పీజీ సీటు వచ్చే ఏడాదీ ఉంటుంది. ఈ ఏడాదితో చేతికొచ్చే డిగ్రీ ఎక్కడికీ పోదు. సగం గోడలో బిగుసుకుపోయిన మనిషికి కింద నుంచి మాటలతో ధైర్యం చెప్పి దించడం, డబ్బు కట్టిన కస్టమర్‌కి "మీరు ఈ తాడు పట్టుకోవడానికి ఇంకా సిద్ధంగా లేరు" అని మర్యాదగా చెప్పడం, ప్రమాదం జరిగితే జరిగింది జరిగినట్టు రాసిపెట్టడం, ఇవి నేర్చుకున్న పిల్ల రేపు ఏ ఉద్యోగానికి వెళ్లినా చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉంటుంది. నచ్చకపోతే మానేస్తుంది. ఈ వయసులో ఒక ఉద్యోగం మానేస్తే కొంప మునగదు, మీరు నిశ్చింతగా నిద్రపోండి.

బంధువులకు 'ఉద్యోగం చేస్తోంది' అని చెప్పండి, అంతకంటే వివరం వాళ్లకి అక్కర్లేదు.

చేరే ముందు మాత్రం జిమ్ వాళ్లని ఆమెతోనే అడిగించండి, మీరు వెంటబడి అడగొద్దు. ఫ్లోర్ మీద ఒంటరిగా వదిలేముందు ఎన్నాళ్లు ట్రైనింగ్ ఇస్తారు? ప్రథమ చికిత్స, కోచింగ్ సర్టిఫికెట్ల ఖర్చు ఎవరిది? తాళ్లు, హార్నెస్‌లు తనిఖీ చేసినట్టు రికార్డు రాస్తారా, ఆటో బిలేలు సర్వీసుకి చివరిసారి ఎప్పుడు వెళ్లాయి? మూసేశాక శుభ్రం చేసే టైముకి జీతముందా? క్లైంబర్లకి వేళ్లలో టెండన్లని (కండరాన్ని ఎముకతో కలిపే తాళ్లలాంటివి) ఎముకకి పట్టి ఉంచే పట్టీలు తెగడం మామూలే, మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పనిలో ఉండగా అలా జరిగితే వైద్యం ఖర్చు, ఆ రోజుల జీతం ఎవరిస్తారన్నది కాగితం మీద రాయించుకోమనండి.