కాలు బాగానే ఉంది, మొండే సన్నబడింది

ప్రశ్న: అన్నా, మాది చీమకుర్తి దగ్గర పల్లె. గ్రానైట్ క్వారీలో రాయి జారిపడి నా ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. క్యాంపులో ఉచితంగా జైపూర్ కాలు అనే పెట్టుడు కాలు ఇచ్చారు. మొదట్లో బాగానే నడిచాను. ఇప్పుడు నాలుగడుగులేస్తే, కాలు తీసేయగా మిగిలిన మొండి కొసన మంట, మోకాలిచిప్ప దగ్గర ఒరుపు, కాలు లోపల తిరిగిపోతున్నట్టు ఉంటుంది. ఫ్రీగా వచ్చింది అట్టాగే ఉంటది, అప్పు చేసైనా మంచిది కొనుక్కోమంటున్నారు మావాళ్లు. రాత్రిళ్లు లేని కాలి వేళ్లు ఎవరో మెలిపెట్టినట్టు నొప్పి. పిచ్చి పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ముందు ఆ అప్పు ఆలోచన మానెయ్. నువ్వు రాసింది చూస్తే చెడింది కాలు కాదు, నీ మొండి సన్నబడింది. ఆపరేషన్ తర్వాత వాపు తీస్తూ, పనిలేని కండ కరుగుతూ ఏడాది పాటు, కొందరికి ఏడాదిన్నర దాకా మొండి తగ్గుతూనే ఉంటుంది. అప్పటి కొలతకు పోసిన సాకెట్, అంటే మొండి దూర్చుకునే తొట్టిలాంటి భాగం, ఇప్పుడు వదులైంది, మొండి లోపలికి దిగిపోతోంది, చిప్ప కింది మెత్తటి చోట పడాల్సిన బరువు చిప్ప అంచు మీదా మొండి కొస మీదా పడుతోంది. లక్షలు పోసి కొన్నా సాకెట్ సరిపోకపోతే ఇదే బాధ. నాదీ మోకాలి కింద పోయిన కాలే, డబ్బున్నవాళ్లు కూడా ఇదే మూలుగు మూలగడం చూశాను.

రేపు పొద్దున మొండికి తొడిగే సాక్సు ఒకటి అదనంగా వేసి చూడు. ముడత లేకుండా, కుట్టు మొండి కొసకు రాకుండా తొడగాలి, ఆ చిన్న ముడతే సాయంత్రానికి పుండవుతుంది. పొద్దున బిగుతుగా ఉన్న కాలు మధ్యాహ్నానికి వదులు కావడం మామూలే కాబట్టి సంచిలో ఇంకో జత పెట్టుకో. మూడు మందపాటి సాక్సులు వేసినా లొడలొడలాడుతుంటే ఇక సాక్సులతో పని కాదు, కాలు ఇచ్చిన చోటికే వెళ్లి సాకెట్ మార్చమని అడుగు. మొహమాటపడకు, మొదటి సాకెట్ మార్చాల్సి రావడం అందరికీ ఉండేదే. 1968లో జైపూర్‌లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ సేథీ కలిసి ఈ పాదాన్ని తయారుచేసిందే మనలాంటి వాళ్లు చెప్పుల్లేకుండా బురదలో నడవడానికి, గొంతుక్కూర్చోవడానికి. నాసిరకమని తీసిపారేసే వస్తువు కాదది.

కాలు తీసినప్పుడల్లా చిన్న అద్దం పెట్టుకుని మొండి కింది భాగం చూసుకో. ఎర్రటి మచ్చ పది ఇరవై నిమిషాల్లో పోతే సరే, పోకపోయినా, చర్మం చిట్లినా, మానేదాకా కాలు తొడగొద్దు. స్నానం రాత్రి పెట్టుకో, పొద్దున తడిచర్మంతో తొడిగితే మొండి ఉబ్బి ఇరుక్కుంటుంది. మన ఎండలకు సాకెట్‌లో చెమట కారుతుంది, మధ్యలో ఓసారి తీసి తుడుచుకుని పొడి సాక్సు మార్చుకో. నూనె మాత్రం రాయొద్దు. ఇంకోటి, అమ్మ ప్రేమతో మోకాలి కింద దిండు పెడుతుంటే వద్దని చెప్పు, మోకాలు వంగినట్టే బిగుసుకుపోతే ఏ కాలూ సరిగా పట్టదు.

రాత్రి నొప్పి పిచ్చి కాదయ్యా. కాలు పోయిందిగానీ మెదడులో దాని చోటు అలాగే ఉంది, అక్కడి నుంచే వస్తుంది ఆ నొప్పి. దీనికి 1990లలో వి.ఎస్. రామచంద్రన్ అనే శాస్త్రవేత్త అద్దంతో ఒక ఉపాయం కనిపెట్టారు. రెండు కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టి, మొండి దాని వెనక ఉంచి, మంచికాలి నీడ చూస్తూ వేళ్లు మెల్లగా ముడిచి తెరువు. రోజూ కాసేపు చెయ్యి, కొందరికి బాగా పనిచేస్తుంది. తగ్గకపోతే డాక్టర్‌ని నరాల నొప్పికి మందు అడుగు, మామూలు నొప్పి మాత్రలకు ఇది పెద్దగా లొంగదు.

పనిలో జరిగిన ప్రమాదం కదా, చట్టం ప్రకారం యజమాని పరిహారం ఇవ్వాల్సి ఉంటుంది, రెండేళ్లు దాటకముందే కార్మిక శాఖలో అర్జీ పెట్టు. వైకల్యం ఎంత శాతమో రాసిచ్చే సదరం సర్టిఫికెట్‌లో 40 శాతం గానీ ఆపైన గానీ ఉంటే పింఛనుకు అర్హత వస్తుంది, 2024లో దాన్ని నెలకు 6,000 చేశారు. మీ ఊరి సచివాలయంలో కనుక్కో.

ప్రశ్న: మాది కావలి. షుగర్ వల్ల మా అమ్మకు కాలు తీశారు. కొత్త కాలితో వీధిలో బాగానే నడుస్తుంది, ఇంట్లో చెప్పులు విడిస్తే మాత్రం వెనక్కి తూలుతుంది. పెంచలకోన గుడికి తీసుకెళ్లమంటోంది. ఎట్లా?

జవాబు: అమ్మా, ఆ కాలిని చెప్పు మడమ ఎత్తు చూసి బిగించి ఉంటారు. చెప్పు విడిస్తే మడమ కిందికి దిగి కాలు వెనక్కి వాలుతుంది, మోకాలు వెనక్కి తోసినట్టవుతుంది. ఇంట్లోకి అదే ఎత్తున్న శుభ్రమైన జత వేరే పెట్టండి. గుడికంటే ముందు కాలు చేసినవాళ్ల దగ్గరికి వెళ్లి చెప్పుల్లేకుండా నడిపించి చూపించండి, సర్దడానికి వీలుంటే సర్దుతారు. కోనకు పొద్దున్నే తీసుకెళ్లండి, ఎందుకంటే షుగరు వల్ల మంచికాలికి స్పర్శ తగ్గి ఉంటే మధ్యాహ్నం బండల మీద కాలినా ఆమెకు తెలియదు. ఇంటికొచ్చాక ఆ పాదం అడుగు, వేళ్ల సందులు మీరే చూడండి, చిన్న బొబ్బ కనిపించినా మర్నాడే డాక్టర్‌కి చూపించండి.