కంప్యూటర్ ప్రశ్నలు, జవాబులు: అటక మీది సీపీయూ సంగతేంటి?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలా వాటిలో మొదటి మాట ‘స్లో అయిపోయింది’. కాబట్టి ముందు దాని సంగతే చూద్దాం.

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. టీచరుగా చేసి రిటైరయ్యాను. 2018లో కొన్న కంప్యూటర్ ఇప్పుడు ఆన్ చేశాక తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతోంది. షాపులో చూపిస్తే ‘దీని పనైపోయింది సార్, కొత్తది తీసుకోండి’ అన్నారు. పైగా విండోస్ 10 కాలం చెల్లిందని ఒకటే నోటీసులు. నిజంగా మార్చాల్సిందేనా?

జవాబు: మాస్టారూ, తొందరపడకండి. ఆన్ చేసి వెళ్లి కాఫీ కలుపుకొచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండే కంప్యూటర్లు నా బల్ల మీదికి తరచూ వస్తుంటాయి, వాటిలో చాలావాటి జబ్బు ఒకటే, లోపల పాత రకం హార్డ్‌డిస్క్ ఉండటం. మీదీ అదేనేమో మీరే చూసుకోవచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్ అనేచోట డిస్క్ మీద నొక్కితే అది హెచ్‌డీడీనో (అంటే ఆ పాత రకం హార్డ్‌డిస్కే) ఎస్‌ఎస్‌డీనో చెబుతుంది. హెచ్‌డీడీ అని ఉండి, మీరు ఏ పనీ చేయకపోయినా దాని వాడకం చాలాసేపు 100 శాతం దగ్గరే ఆగిపోతుంటే ఇక దొంగ దొరికినట్టే.

హార్డ్‌డిస్క్ అంటే లోపల గ్రామఫోన్ రికార్డులాంటి పళ్లెం, దాని మీద అటూ ఇటూ తిరుగుతూ వెతుక్కునే ముల్లు. పళ్లెం నిమిషానికి 5400 సార్లో 7200 సార్లో తిరుగుతుంది. మన లెక్కలో అది వేగమే గానీ, ఒకేసారి విండోస్, యాంటీవైరస్, అప్‌డేట్లు అన్నీ కలిసి ‘నాకివ్వు, నాకివ్వు’ అంటే ఆ ముల్లు ఎన్నిచోట్లకని పరుగెడుతుంది? ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు, అంతా చిప్పులే. 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి వేయించి విండోస్‌ని దాంట్లోకి మార్పించండి, పాత డిస్కుని తీసేయకుండా ఫొటోలకీ సినిమాలకీ రెండోదిగా ఉంచమనండి. ర్యామ్ 4 జీబీయే ఉంటే 8 చేయించండి. రెండూ కలిపినా కొత్త కంప్యూటర్ ఖర్చుతో పోలిస్తే తక్కువే. ఖర్చు పెట్టేముందు ఊరికే అయ్యే పని ఒకటుంది, అదే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ అనే పేజీ తెరిచి, కంప్యూటర్‌తో పాటే నిద్రలేచే ప్రోగ్రాముల్లో మీకు అక్కర్లేనివి డిసేబుల్ చేసేయండి. యాంటీవైరస్‌ని మాత్రం ముట్టుకోకండి.

ఇక విండోస్ 10 సంగతి. మైక్రోసాఫ్ట్ దానికి మద్దతు ఆపేసింది 2025 అక్టోబరు 14న. అంటే ఆ రోజుతో కంప్యూటర్ ఆగిపోదు, భద్రతకి సంబంధించిన అతుకులు, అంటే కన్నాలు పూడ్చే అప్‌డేట్లు, రావడం ఆగుతుంది, అంతే. ఇంట్లో వాడుకునేవాళ్లకి ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు, ఆ అతుకులు వేసే ఏర్పాటు పెట్టారు. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలో ‘ఎన్‌రోల్’ అని కనపడితే నొక్కండి, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగినై సెట్టింగ్స్ బ్యాకప్ చేయడానికి ఒప్పుకుంటే డబ్బు కట్టక్కర్లేదు.

విండోస్ 11 మీ దాంట్లో ఎక్కుతుందా లేదా అన్నది ఒక్క అంకెలో ఉంది. సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్‌లోకి వెళ్లి ప్రాసెసర్ పేరు చూడండి. ఇంటెల్ ఐ3-7100 అని ఉంటే అది ఏడో తరం, దానికి అధికారికంగా రాదు. ఐ3-8100 అయితే ఎనిమిదో తరం, వస్తుంది. 2018లో షాపుల్లో రెండూ అమ్మారు కాబట్టి మీది ఏదో చూస్తేగానీ చెప్పలేను. ఎనిమిదో తరమై ఉండి కూడా ‘కుదరదు’ అంటే చాలావరకు బోర్డులో టీపీఎం అనే భద్రతా సదుపాయం ఆపేసి ఉంటుంది, దాన్ని బయాస్‌లో (విండోస్ తెరుచుకోకముందు వచ్చే సెట్టింగుల తెరలో) ఆన్ చేయాలి, ఐదు నిమిషాల పని. దానికి కొత్త కంప్యూటర్ అమ్మబోయేవాళ్లని నేను చూశాను.

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ఇంట్లోకి వచ్చినప్పుడు సీపీయూ మూడు రోజులు నీళ్లలోనే ఉండిపోయింది. తర్వాత ఎండబెట్టి అటకెక్కించాం. మా పెద్దమ్మాయి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే. ‘బాగా ఆరిపోయి ఉంటుంది అత్తా, ఒకసారి కరెంటిచ్చి చూద్దాం’ అంటున్నాడు మా మేనల్లుడు. ఇవ్వొచ్చా?

జవాబు: వద్దమ్మా. మేనల్లుడికి గట్టిగా చెప్పండి, ప్లగ్గు పెట్టొద్దని. ఆ ఒక్క స్విచ్చుతోనే మిగిలిన ఆశ కూడా పోవచ్చు.

ఎందుకో చెబుతాను. హార్డ్‌డిస్క్ చూడటానికి సీలు వేసిన డబ్బాలా ఉంటుంది గానీ చాలా డిస్కులకి గాలి ఆడటానికి సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. ‘ఈ రంధ్రం మూయవద్దు’ అని ఇంగ్లీషులో చిన్నక్షరాలతో దాని పక్కనే రాసి ఉంటుంది, ఈసారి ఎక్కడైనా డిస్కు చేతికొస్తే తిప్పి చూడండి. మూడు రోజులు మునిగితే నీళ్లు అక్కడినుంచీ వెళ్లి ఉండొచ్చు. అవి ఆరిపోయి ఉంటాయి నిజమే, కానీ ఆ నీళ్లలోని ఒండ్రు ఎక్కడికి పోతుంది? పళ్లెం మీదే పొరలా అంటుకుని ఉంటుంది. పైన చెప్పిన ముల్లు పళ్లేన్ని తాకకుండా వెంట్రుక మందంలో వేల వంతు ఎత్తున తేలుతూ తిరుగుతుంది. కరెంటిస్తే అది ఆ ఒండ్రు మీద గీసుకుంటూ పోతుంది, గీసుకుపోయిన చోటున్న ఫొటోలు ఇక ఎవరికీ రావు. బియ్యంలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం, ఇంట్లో స్క్రూలు విప్పి మూత తీసి తుడవడం, ఈ మూడూ వద్దు.

చేయాల్సింది ఏంటంటే, డిస్కుని ఒక్కదాన్నే విప్పించి పెట్టుకోండి (మిగతా డబ్బా గురించి మర్చిపోండి), డేటా రికవరీ ల్యాబ్‌కి పంపండి. మామూలు రిపేరు షాపు కాదు, దుమ్ము లేని గది ఉండాలి, ఆ మాట ముందే అడగండి. ‘డేటా వస్తేనే డబ్బులు’ అనే షరతు కాగితం మీద రాయించుకోండి. ఖర్చు వేలల్లోనే అవుతుంది, వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, ఆ రెండూ తెలిసే వెళ్లండి.

అంతకన్నా ముందు ఇంకో పని చేయండమ్మా, పెళ్లికి ఫొటోలు తీసినాయనకి ఫోన్ చేయండి. చాలామంది ఫొటోగ్రాఫర్లు పాత పెళ్లిళ్ల డిస్కులు పారేయరు, ఏ బీరువా అడుగునో ఉంటాయి. తర్వాత వియ్యంకుల వైపు వాళ్ల ఫోన్లు, వాట్సాప్‌లో పంచుకున్నవి, ఆల్బమ్ వేయించినప్పుడు ఇచ్చిన పెన్‌డ్రైవ్. నా దగ్గరికొచ్చిన ఇలాంటి కేసు ఒకదానిలో డిస్కు ముట్టుకోకుండానే సగం ఫొటోలు ఇలాగే దొరికాయి.

నా గోడు కూడా ఒకటుంది, చెప్పుకోవడానికే సిగ్గు. ఊరందరికీ బ్యాకప్ గురించి పాఠాలు చెప్పే నేను మా నాన్నగారి షష్టిపూర్తి వీడియో ఒకే ఒక్క డిస్కులో పెట్టుకుని, ఒకరోజు వేరే పని తొందరలో డి డ్రైవ్ అనుకుని ఇ డ్రైవ్‌ని ఫార్మాట్ కొట్టాను. అది చాలదన్నట్టు దాని మీదే సినిమాలు కాపీ చేశాను. వరదా రాలేదు, పిడుగూ పడలేదు.

అందుకని ఇప్పటినుంచీ ఫొటోలు రెండు డిస్కుల్లో ఉంచండి, రెండోది మీ ఇంట్లో వద్దు. గుంటూరులో అమ్మాయి ఉంటే వాళ్లింట్లో బీరువాలో పెట్టండి, సంక్రాంతికి వచ్చేటప్పుడు తెమ్మని చెప్పి కొత్తవి ఎక్కించి మళ్లీ పంపండి. గూగుల్ ఫొటోస్‌లో ఉన్నాయి కదా అనుకుంటారేమో, 2021 జూన్ 1 నుంచి అక్కడ ఊరికే లెక్కలేనన్ని పెట్టుకునే వీల్లేదు. మెయిల్, డ్రైవ్, ఫొటోలు మూడింటికీ కలిపి 15 జీబీ, అంతే. నిండాక కొత్తవి ఎక్కవు, మనకేమో ఎక్కుతున్నాయనే భ్రమ.

ప్రశ్న: నెట్‌లో వంటకం వెతుకుతుంటే తెర మొత్తం ఎర్రగా అయిపోయి సైరన్ మోగింది. మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది, ఆపేస్తే అన్నీ పోతాయి, ఈ నంబరుకి ఫోన్ చేయండి అని వచ్చింది. మూయడానికి కూడా కుదరలేదు. టెన్షన్‌తో ప్లగ్గే పీకేశాను. తప్పు చేశానా? (గృహిణి, పటమట)

జవాబు: తప్పేం కాదండీ, ఫోన్ చేయకపోవడం ఇంకా మంచి పని. అది వైరస్ కాదు, తెర నిండా పరుచుకున్న ఒక వెబ్ పేజీ, మనల్ని భయపెట్టి ఫోన్ చేయించుకోవడమే దాని పని. ఏ కంపెనీ కూడా మీ తెర మీద సైరన్ మోగించి ఫోన్ నంబరు ఇవ్వదు. ఈసారి వస్తే ఎస్కేప్ కాసేపు నొక్కి పట్టుకోండి, తెర చిన్నదవుతుంది, అప్పుడు మూసేయండి. కాకపోతే ఆల్ట్, ఎఫ్4. అదీ కాకపోతే పైన చెప్పిన టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ని ఎండ్ టాస్క్ కొట్టండి. మళ్లీ తెరిచినప్పుడు ‘పాత పేజీలు తేవాలా’ అంటే వద్దనండి.

ఎవరైనా ఇప్పటికే ఫోన్ చేసి, వాళ్లు చెప్పిన యాప్ వేసుకుని, మౌసు దానంతటదే కదులుతుంటే చూస్తూ కూర్చున్నారనుకోండి, ముందు వైఫై ఆపండి. తర్వాత బ్యాంకుకి ఫోన్. డబ్బు పోయి ఉంటే ఆలస్యం లేకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. పాస్‌వర్డులు ఆ కంప్యూటర్ నుంచి కాకుండా ఫోన్ నుంచో వేరే కంప్యూటర్ నుంచో మార్చండి.

ప్రశ్న: ఉద్యోగానికి అప్లై చేస్తుంటే ఫొటో 50 కేబీ లోపు ఉండాలంటోంది. ఫోన్‌లో తీసింది 4 ఎంబీ ఉంది. నెట్ సెంటర్ వాళ్లు ఫొటోకి ముప్పై రూపాయలు అడుగుతున్నారు. (డిగ్రీ విద్యార్థి, తెనాలి)

జవాబు: ఆ ముప్పై రూపాయలతో పునుగులు తిను తమ్ముడూ. ఫొటోని పెయింట్‌లో తెరువు, ముఖం, భుజాలు వచ్చేలా క్రాప్ చెయ్, రీసైజ్ నొక్కి పిక్సెల్స్ ఎంచుకుని వెడల్పు 300 అని కొట్టు, ఎత్తు దానంతటదే మారుతుంది. సేవ్ యాజ్‌లో జేపెగ్ ఎంచుకుని వేరే పేరుతో దాచు. చాలావరకు 50 కేబీ లోపే వస్తుంది, రాకపోతే 250 చెయ్. పాత పేరుతో సేవ్ కొడితే మాత్రం అసలు ఫొటో పోతుంది. పీఎన్‌జీగా దాస్తే సైజు పెరుగుతుంది, చాలామంది అక్కడే బోల్తా పడతారు.

ప్రశ్న: మా గుడి కమిటీ కరపత్రం డీటీపీ షాపులో చేయించి ఫైలు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను. ఇంట్లో తెరిస్తే తెలుగు లేదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి. ఫైలు పాడైందా? (గుంటూరు, కొత్తపేట)

జవాబు: పాడవలేదండీ. మన డీటీపీ షాపుల్లో ఏళ్ల తరబడి వాడుతున్నవి అను ఫాంట్లు. వాటిలో కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాలనే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. మీ ఇంట్లో ఆ ఫాంటు లేదు, కాబట్టి వేషం ఊడిపోయింది. ఫోన్లలో, నెట్‌లో మనం చదివేది యూనికోడ్ తెలుగు, దాంట్లో ‘అ’ అంటే ఎక్కడైనా ‘అ’నే. చదవడానికో ప్రింటుకో అయితే షాపు వాళ్లని పీడీఎఫ్ అడగండి, అందులో ఫాంటు కూడా కలిసే వస్తుంది. మార్పులు చేసుకోవాలంటే యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వమనండి, మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకోండి, అక్కడక్కడా జారిపోతుంటాయి.

మీరే కొట్టుకోవాలంటే విండోస్ సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్‌లోకి వెళ్లి తెలుగు చేర్చండి, దాని కీబోర్డుల్లో తెలుగు ఫొనెటిక్ ఎంచుకోండి. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే భాష మారుతుంది, ఇంగ్లీషు అక్షరాల్లో అమ్మ అని కొడితే తెలుగులో అమ్మ వస్తుంది. అదీ ఓపిక లేదంటే గూగుల్ డాక్స్‌లో వాయిస్ టైపింగ్‌కి తెలుగు పెట్టుకుని చదివేయండి, గోత్రనామాల దగ్గర కొంచెం తడబడుతుంది గానీ మిగతా అంతా బాగానే రాస్తుంది.

ప్రశ్న: ల్యాప్‌టాప్‌కి ఎప్పుడూ ఛార్జర్ పెట్టి ఉంచితే బ్యాటరీ ఉబ్బుతుందా? (భవానీపురం)

జవాబు: ఎప్పుడూ 100 శాతంలో ఉండటం దానికి మంచిది కాదు, అంతకన్నా చెడ్డది వేడి. రోహిణి కార్తెలో బెజవాడలో ఏసీ లేని గదిలో, పరుపు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, అడుగున గాలి పోయే సందులన్నీ దుప్పటితో మూసేసి నాలుగు గంటలు సినిమా చూస్తే ఛార్జర్ తీసేసినా దానికి సుఖం లేదు. బల్ల మీద పెట్టండి. చాలా ల్యాప్‌టాప్‌లలో కంపెనీ ఇచ్చిన యాప్‌లోనో బయాస్‌లోనో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సదుపాయం ఉంటుంది, అది ఆన్ చేస్తే ఛార్జర్ పెట్టే ఉంచుకోవచ్చు. అడుగుభాగం ఉబ్బినట్టో, టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టో అనిపిస్తే మాత్రం నొక్కి సరిచేయబోకండి, ఆపేసి, ఛార్జర్ తీసేసి, నేరుగా షాపుకి తీసుకెళ్లి బ్యాటరీ మార్పించండి.